ఇసుక సంచి

షోలాపూర్ భవానీ పేటలో మూడు సందుల పిల్లలకు నీళ్ళు పోసిన మనిషి యల్లమ్మ. పురుడు పోయడం ఆమె పని కాదు, దానికి మంత్రసాని వేరే ఉండేది. బిడ్డ పుట్టిన మూడోనాటి నుంచి మూడో నెల నిండేదాకా రోజూ పొద్దున్నే వచ్చేది. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిగుడ్డును కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనెతో మర్దన చేసేది. వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి తల్లి పక్కన పెట్టేది. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళుగా ఆ పనే ఆమెకు తిండి పెట్టింది.

ఆ మర్దనకు ఒక వరుస ఉంది. మొదట అరికాళ్ళు, తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, రొమ్ము, చేతులు, చివరికి వీపు. ఆ తర్వాత కుడి చేతిని ఎడమ కాలితో, ఎడమ చేతిని కుడి కాలితో కలిపి మూడేసి సార్లు మడిచి విప్పాలి. అన్నీ అయ్యాక రెండు పాదాలు పట్టుకుని ఒక చిన్న గుంజు. ఆ గుంజుకు ఒక్కోసారి తుంటి దగ్గర టక్కుమని చప్పుడయ్యేది. చప్పుడైతే కీలు కుదిరిందని ముసలమ్మలు సంబరపడేవాళ్ళు. గుంజకుండా లేస్తే, "సగం పని చేసి లేస్తున్నవేంది యల్లా?" అని నిలదీసేవాళ్ళు.

1949లో నేతపని చేసే నరసయ్యకు, బీడీలు చుట్టే గోదావరికి ఆడపిల్ల పుట్టింది. చంద్రభాగ అని పేరు పెట్టుకున్నారు, నోటికి చంద్రి అయింది. మూడు నెలలూ నీళ్ళు పోసింది యల్లమ్మే. ఆరో నెల వచ్చినా చంద్రి మెడ నిలవలేదు. ఏడాది నిండినా కూర్చోలేదు. ఎడమ చెయ్యి పిడికిలి విప్పదు. ఎత్తుకుంటే కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోతాయి. వస్తువు జారిపడి చప్పుడైతే చాలు ఒళ్ళంతా ఎగిరిపడుతుంది.

నరసయ్య తల్లి అప్పటికి బతికే ఉంది. ఒకనాడు అరుగు మీద నిలబడి సందంతా వినేటట్టు అన్నది: "ఆ ముండ గుంజుడుకే నా మనుమరాలి నరం జారింది."

మాట పేటలో పాకింది. ఆమె నీళ్ళు పోసే ఇళ్ళలో పన్నెండు పోయి మూడు మిగిలాయి. యల్లమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి మళ్ళింది. తిట్టినవాళ్ళ మీద ఆమెకు కోపం రాలేదు, రాకపోవడానికి ఒక కారణం ఉంది. చంద్రి పుట్టిన పదకొండోనాడు గుంజినప్పుడు ఎడమ తుంటిలో టక్కుమన్నది. ఆనాడు ముసలామె సంబరపడ్డది, యల్లమ్మా సంబరపడ్డది. ఇప్పుడు కండె తిప్పుతూ కూర్చుంటే రాట్నం చప్పుడులో కూడా ఆ టక్కు వినిపించేది. నా చేతులేనా? ఈ ప్రశ్న ఆరేళ్ళు ఆమెతో కలిసి తిని, ఆమెతో కలిసి పడుకుంది.

*

దత్తాత్రి మాస్తర్ సంగతి ఆమెకు కండెల దుకాణంలో తెలిసింది. మిల్లులో పని చేసి, పొద్దున్నే కుస్తీ తాలీంలో పోరగాళ్ళకు యోగాసనాలు నేర్పే మనిషి. పడుచుతనంలో పుణె దారిలో కొండమీద ఒక ఆసనాల బడిలో రెండేళ్ళు వంటపని చేశాడు. గిన్నెలు తోముతూనే కిటికీలోంచి చూసి నేర్చుకున్నాడట. అక్కడికి బిగుసుకుపోయిన పిల్లలను తెచ్చేవాళ్ళని, వాళ్ళకు నేలమీద పడుకోబెట్టి ఏదో చేసేవాళ్ళని దుకాణంలో ఎవరో అన్నారు.

మర్నాడు యల్లమ్మ తాలీం గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎవరమ్మా? ఆడోళ్ళు లోపలికి రావద్దు," అన్నాడు దత్తాత్రి లోపలినుంచే.

"నేనెందుకొస్త అయ్యా, కుస్తీ పట్టెతందుకా? నీతోని ఒక్క మాటుంది, నువ్వే బైటికి రా."

లోపల పోరగాళ్ళు గొల్లున నవ్వారు. దత్తాత్రి తుండుతో చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఆమె చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

"పోరిని నేను సూడాలె. తీస్కపోతవా?"

"ఆ ఇంట్ల నన్ను గడప తొక్కనియ్యరు మాస్తర్."

"నేను తొక్కుత. నువ్వు నా ఎన్కాల రా."

గోదావరి చాటలో తునికాకు కత్తిరిస్తోంది. దత్తాత్రి వెనక యల్లమ్మను చూసి కత్తెర ఆపింది. చంద్రి మూలన బొంత మీద పక్కకు ఒరిగి ఉంది. మగ్గం ఆడుతోంది. ఒక్కో దెబ్బ పడినప్పుడల్లా పిల్ల భుజాలు ఎగురుతున్నాయి. దత్తాత్రి చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు, చూస్తూ కూర్చున్నాడు.

"పుట్టంగనె ఏడ్సిందా?" అని అడిగాడు చివరికి.

"యాడ ఏడ్సింది?" అన్నది గోదావరి. "రెండు దినాలు నొప్పులు పడ్డ. పుట్టినంక కమిలిపోయి నీలంగ ఉండె. మంత్రసాని తలకిందులు పట్టి వీపు మీద చరిసి చరిసి, బియ్యం ఉడికేంత సేపటికి గింత మూలిగింది."

"ఈ అక్క ఎన్నడొచ్చింది?"

"మూడోనాడు."

"మూడోనాడు వచ్చినామె మొదటినాటిది ఎట్ల చేస్తది తల్లీ? నేను డాక్టర్‌ను కాను. కని ఆ బడికి ఒక డాక్టర్ వస్తుండె. గిసుంటి పిల్లల తల్లులను ఆయన మొదలు అడిగే మాట ఇదే. దెబ్బ తలకాయల తాకింది, కాలుల కాదు. తలకాయ సరిగ చెప్పకుంటె చెయ్యికి, కాలుకు ఏం ఎరుక?"

మగ్గం ఆగింది. మగ్గం గుంతలోంచి నరసయ్య తల తిప్పి చూశాడు. ముసలామె పోయి మూడేళ్ళయింది, జవాబు చెప్పవలసిన నోరు ఆ ఇంట్లో లేదు. యల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరేళ్ళుగా మోసిన బరువు ఆ ఒక్క మాటతో దిగింది.

"రోజు రెండు పూటల చెయ్యాలె. నాకు మిల్లు ఉన్నది," అన్నాడు దత్తాత్రి. "నేను సూపిస్త, ఈ అక్క చేస్తది. నూనె పట్టిన చేతులు."

"ఈ పెద్దవ్వ చేతులే కావాల్నా?" అన్నది గోదావరి గొంతు పెంచి. "షోలాపూర్‌ల ఇంకెవ్వల్లేరా?"

"ఉంటరు. రోజు రెండు పూటల వచ్చేటోళ్ళు ఎవరున్నరో నువ్వే చెప్పు."

గోదావరి కత్తెర మళ్ళీ అందుకుంది. ఒప్పుకున్నట్టు అదే గుర్తు.

*

పని చూడడానికి పని లాగే ఉండదు. మొదటి నెల యల్లమ్మకు అదే కష్టమైంది.

"చాపకు. మడువు," అనేవాడు దత్తాత్రి. బిగుసుకున్న కాలిని చాపాలని చూస్తే అది ఇంకా బిగుస్తుంది. అందుకని ముందు మోకాళ్ళు రెండూ మడిచి పొట్టకు చేర్చాలి. అలా పట్టుకుని పిల్లను ఊయల ఊపినట్టు అటు ఇటు ఊపాలి. కాసేపటికి తొడల్లో బిగువు దానంతటదే సడలుతుంది. సడలిన తర్వాత, ఎంత వస్తే అంతే, ఒక్కో కాలు దించాలి. ఒళ్ళు ఎక్కడ ఆగితే చెయ్యి అక్కడ ఆగాలి. మూడు ఊపిర్లు ఆగి చూడాలి. వస్తే ఇంకాస్త, రాకపోతే ఇంతే.

"హళూ హళూ అక్కా, మెల్లగ. నీ జల్ది దానికి తెలుస్తది."

పిడికిలిని వేళ్ళు పట్టి విప్పకూడదు. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్ళు వాటంతట అవే వదులవుతాయి. అప్పుడు అరచేతిలో బొటనవేలు ఆనించి ఉంచాలి. ఈ కిటుకు చూసినరోజు యల్లమ్మ నోరు తెరిచింది. ఇరవై ఏళ్ళు పసిపిల్లల పిడికిళ్ళు విప్పిన మనిషి, ఇంత సులువు ఎన్నడూ చూడలేదు.

ఊపిరి పని వేరే ఉంది. పిల్ల పొట్టమీద అరచెయ్యి ఆనించి, పెదాలు మూసి తేనెటీగలా మూలగాలి. ముందు యల్లమ్మ మూలిగేది. చంద్రి ఆమె గొంతు మీద చెయ్యి వేసి ఆ వణుకు చూసేది. పదిహేను రోజులకు చంద్రి రొమ్ములో కూడా ఆ వణుకు పుట్టింది. మాట రాని పిల్ల, "వ్వా" అనడం తప్ప ఎరగని పిల్ల, ఒక ఊపిరి పొడుగునా మూలిగి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. గోదావరి బీడీ చుట్టడం ఆపి, లేచి యల్లమ్మకు చాయ్ పెట్టి తెచ్చింది. ఆ ఇంట్లో ఆరేళ్ళలో ఆమె తాగిన మొదటి చాయ్ అది.

మగ్గం చప్పుడుకు పిల్ల ఎగిరిపడుతుందని, నరసయ్య పొద్దున చద్దన్నానికి, పగలు అన్నానికి లేచే వేళలకే ఈ పని కుదుర్చుకున్నారు. నరసయ్య మెల్లగా తినడం నేర్చుకున్నాడు. ఒకనాడు ఖాళీ కంచం ముందే చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంటే గోదావరి కసిరింది: "తిన్నంక లేవరాదా?"

"ఇంకా కాలు దించలేదు గదా," అన్నాడతను.

ఎండలు ముదిరేసరికి చంద్రి వీపు వెనక వేస్టు నూలు కుక్కిన గోనెసంచి పెట్టి, రెండు అరికాళ్ళు కలిపి కూర్చోబెడితే, ముప్పై లెక్కపెట్టేదాకా నిలిచేది. తర్వాత ఎడమకు ఒరిగేది. కుడి మోకాలు నేలకు దిగుతుంది, ఎడమది దిగదు. ఎడమ తుంటి దగ్గర అదే బిగువు.

"ఇప్పుడు నీ ముందర రెండు దారులున్నయి," అన్నాడు దత్తాత్రి ఒకనాడు. "ఈ కాలు సంగతి మరిచి ఊపిరి, వీపు చూస్కుంటె కాలు తన టైముకు తాను వస్తది. కాలు మీదనే పడితివా, ఉన్నది పోతది."

యల్లమ్మ తల ఊపింది. ఆ మాట అర్థమైంది కూడా.

*

చెడగొట్టింది పంతం. ఆషాఢంలో ఒకనాడు పక్కింటి పోచమ్మ నీళ్ళ నల్లా దగ్గర వరుసలో నిలబడి అన్నది: "ఏం వదినె, శేర్లకు శేర్లు నూనె పోస్తున్నవట. పోరి తాలీంల కుస్తీ పడతదా ఏంది?"

నవ్వి ఊరుకుంటే పోయేది. యల్లమ్మ బిందె కింద పెట్టింది.

"రాఖీ పున్నమకు మార్కండేయుని రథం వస్తది గదా. ఆనాడు చంద్రి అరుగు మీద కూసుంటది. సంచి లేకుంట, గోడ లేకుంట. సూద్దువు గని."

"కూసుంటే నా ముక్కు కోసిస్త."

"కత్తి నూరిపెట్టుకో."

నల్లా దగ్గర నవ్వులు పడ్డాయి. సాయంత్రానికి మాట మూడు సందులూ తిరిగింది. శ్రావణ పున్నమినాడు పేటలోని పద్మశాలి ఇళ్ళన్నీ కొత్త జంధ్యాలు వేసుకుని రథం వెంట నడుస్తాయి. ఏ అరుగు మీద ఎవరు కూర్చున్నారో అందరూ చూసే రోజు అది. ఆనాడు చంద్రి తనంతట తాను కూర్చుంటే పేటంతా చూస్తుంది. నీళ్ళు పోసే ఇళ్ళు తిరిగి వస్తాయి. అది ఆమె అనుకున్నది. అనుకోనిది ఇంకొకటి ఉంది: ముసలామె అరుగు మీద నిలబడి అన్న మాటకు అదే అరుగు మీద జవాబు చెప్పాలని.

పున్నమికి పద్దెనిమిది రోజులుండగా దత్తాత్రి తమ్ముడి పెళ్ళికి సిరిసిల్ల దిక్కు పోయాడు. పోతూ చెప్పాడు: "నేనొచ్చేదాంక కొత్తది ఏదీ చెయ్యకు అక్కా. ఉన్నదే చెయ్యి."

నాలుగు రోజులు ఉన్నదే చేసింది. ముప్పై దగ్గర చంద్రి ఒరిగిపోతూనే ఉంది. ఐదోనాడు నరసయ్య మగ్గం వెనక వేలాడే ఇసుక సంచుల మీద ఆమె చూపు పడింది. మగ్గం మీది పడుగు నూలు వదులు కాకుండా తాడుకు కట్టి వేలాడదీసే సంచులవి. ఒకటి రెండు శేర్లది, ఒకటి నాలుగు శేర్లది.

పేటలో పుట్టి పెరిగిన ఎవరికైనా తట్టే ఆలోచనే అది. పడుగు వదులైతే ఎవరూ చేత్తో గుంజరు, గుంజితే పోగులు తెగుతాయి. సంచి కడతారు. బరువు తన పని తాను మెల్లగా చేసుకుంటుంది, ఏ పోగు మీదా దెబ్బ పడదు. మాస్తర్ గుంజవద్దన్నాడు. సంచి గుంజుడు కాదు కదా? హళూ హళూ అన్నాడు. సంచి కన్నా హళూ ఏముంది?

పగలు గోదావరి చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చి రావడానికి పోయేది. రెండు గంటలు పట్టేది. నరసయ్య ఆ రోజు నూలు దుకాణానికి పోయాడు. యల్లమ్మ చంద్రిని నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ మడమకు మెత్తటి పాత చీరపేలిక చుట్టి, తాడు మంచం పట్టె మీంచి వేసి, రెండు శేర్ల సంచి కట్టింది. చంద్రి ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగింది. విప్పి చూస్తే కాలు ఎన్నడూ లేనంత చక్కగా చాపుకుని ఉంది. యల్లమ్మ దాని వైపు చూసి చూసి మురిసింది.

పడుగుకూ కాలికీ ఉన్న తేడా ఆమెకు తెలియంది కాదు. తొమ్మిది నెలలుగా చేతులతో చూస్తున్నదే. పడుగు ఎదురు గుంజదు, చంద్రి కాలు గుంజుతుంది. చేతులకు తెలిసినదాన్ని పంతం విననివ్వలేదు.

మర్నాడు గోదావరి కార్ఖానాకు పోయింది, నరసయ్య రంగులవాడి దగ్గరికి పోయాడు. ఈసారి నాలుగు శేర్ల సంచి కట్టింది. చంద్రి అరిచింది. "ఓర్చుకో నా తల్లి, ఓర్చుకో. రథం వస్తది, రథం," అంటూ నుదురు నిమిరింది యల్లమ్మ. చంద్రి తల అటూ ఇటూ కొట్టుకుంది, ఒళ్ళంతా విల్లులా పైకి లేచింది. బిగుసుకున్న కాలు ఒకవైపు, ఇసుక ఒకవైపు. అప్పుడు తుంటిలో టక్కుమన్నది.

ఆ చప్పుడు ఆమెకు కొత్తది కాదు. ఏడేళ్ళుగా వింటున్నదే. ఇప్పుడు మాత్రం బయటినుంచి వినిపించింది.

చీరపేలిక విప్పింది. సంచిని మగ్గం వెనక దాని చోట మళ్ళీ కట్టింది. చంద్రిని బొంత మీదికి మార్చింది. గోదావరి వచ్చేసరికి తుంటి వాచి ఉంది, పిల్ల ఏడ్చే ఓపిక లేక ఎక్కిళ్ళు పెడుతోంది.

"ఏమైందవ్వా? ఏమైంది?"

యల్లమ్మ నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మంచం మీంచి జారింది బిడ్డా. నేను చెంబు తెచ్చెతందుకు లేస్తిని."

చంద్రి తల్లిని చూసి "వ్వా, వ్వా" అన్నది. ఆ పిల్లకు వచ్చిన మాట అదొక్కటే. ఆకలికీ అదే, సంబరానికీ అదే.

*

దవాఖానలో పట్టీ కట్టి, కీలు బెణికిందని, మూడు వారాలు కదిలించవద్దని చెప్పి పంపారు. పున్నమి వచ్చింది. డప్పులు, చేతుల్లో గలగలలాడే లేజీములు, జెండాలతో రథం సందు మొదట్లోకి వచ్చినప్పుడు చంద్రి లోపల పడుకుని ఉంది. డప్పు దెబ్బ పడినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడుతోంది, ఉలిక్కిపడితే తుంటి నొప్పి. గోదావరి దాని చెవులు రెండూ అరచేతులతో మూసి పట్టుకుని కూర్చుంది. అరుగు ఖాళీగా ఉంది.

యల్లమ్మ సందు చివర నిలబడింది. పోచమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఏమంటుందోనని యల్లమ్మ తల వంచుకుంది. అంటే బాగుండునని కూడా అనుకుంది.

"మనసుల పెట్టుకోకు వదినె," అన్నది పోచమ్మ చెయ్యి పట్టుకుని. "నా నోరే పాడునోరు. నేనన్న మాటకే దిష్టి తాకింది పోరికి. నీ తప్పేమున్నది ఇందుల? తల్లి కన్న ఎక్కువ చేస్తివి."

చెయ్యని తప్పుకు అరుగెక్కి తిట్టిన పేట, చేసిన తప్పుకు చెయ్యి పట్టుకుని ఓదారుస్తోంది. యల్లమ్మ ఆ చెయ్యి విడిపించుకుని ఇంటికి పోయింది. తర్వాత రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

దత్తాత్రి తిరిగి వచ్చి చంద్రిని చూశాడు. వాపు తగ్గింది గాని పిడికిలి మళ్ళీ గట్టిపడింది, మూలుగు మానేసింది. మడమ పైన చుట్టూ సన్నటి కమిలిన గీత ఇంకా పోలేదు. అతను ఆ గీత మీద వేలు ఆనించి చూస్తుండగా యల్లమ్మ గడపలోకి వచ్చింది. ఆమె నీడ పడగానే చంద్రి ఒళ్ళు కొయ్యబారింది. కాళ్ళు కత్తెర పడ్డాయి.

దత్తాత్రి ఒకసారి యల్లమ్మ వైపు, ఒకసారి మగ్గం వెనక సంచుల వైపు చూశాడు.

"పోరి చెప్పవల్సింది చెప్పింది," అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేటట్టు. "ఇగ నోరున్నోళ్ళు చెప్పాలె." చెప్పులు వేసుకుని మిల్లుకు పోయాడు.

గోదావరి బీడీలు చుడుతోంది. నరసయ్య గుంతలో ఉన్నాడు. యల్లమ్మ కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"జారిపడలేదు బిడ్డా. నేనే సంచి కట్టిన. మొదటినాడు రెండు శేర్లది. రెండోనాడు నాలుగు శేర్లది. పోరి మొత్తుకుంటున్నా విప్పలే."

మగ్గం ఆగింది. గోదావరి చేతిలో సగం చుట్టిన ఆకు విప్పుకుంది, తంబాకు ఒళ్ళో రాలింది.

"ఎందుకు?" అన్నది.

"పున్నమకు కూసోబెడదామని."

"ఎవలికి చూపెతందుకు?"

యల్లమ్మ చూపు బయటి అరుగు మీదికి పోయింది.

"మా అత్త అన్న మాట పట్టుకోని ఆరేండ్లు నిన్ను గడప తొక్కనియ్యలే," అన్నది గోదావరి. గొంతు పెంచలేదు. "తప్పు చేసిన్నని లోపట్లోపట ఏడుస్తుంటి. నీకు కోక పెడదామని ఆయనతోని అన్న. అడుగు." నరసయ్య గుంతలోంచి తల ఎత్తలేదు. "ఎల్లు పెద్దవ్వా. నా కండ్ల ముందర నిలబడకు."

*

తొమ్మిదిరోజుల తర్వాత కబురు పెట్టింది గోదావరే. నరసయ్య వచ్చి గుమ్మం బయటినుంచి, "రమ్మంటున్నది," అని మాత్రం అని పోయాడు.

చంద్రి గోడవైపు తిరిగి ఉంది. గోదావరి పిల్ల ఎడమ పిడికిలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడింది.

"పిడికిలి ఇప్పనిస్తలేదు. దత్తాత్రన్న వచ్చినప్పుడు చెయ్యి ఇస్తది, నాకు ఇస్తలేదు. ఎట్ల వంచుతవో చెప్పు. నువ్వు ముట్టకు. చెప్పు. నేను చేస్త."

యల్లమ్మ కాస్త దూరంగా, చంద్రికి కనబడేచోట కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"వేళ్ళు ఇడువు. మణికట్టు పట్టు. కింది నుంచి... అట్ల గాదు, బొటనవేలు పైకి రానియ్యి."

గోదావరి పట్టు తప్పుగా ఉంది. యల్లమ్మ చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. చంద్రి కళ్ళు ఆ చేతిని చూశాయి, భుజం ఎగిరింది. యల్లమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుంది. రెండోది కూడా పెట్టుకుంది.

చేతులతో అరనిమిషంలో అయ్యే పని. మాటలతో చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. తన చేతులకు ఏం తెలుసో ఆమెకు మాటల్లో ఎన్నడూ తెలియదు. ఒక్కొక్కటి వెతికి తీసి చెప్పవలసి వచ్చింది. ఎంత వంచాలి? పాలు తాగే బిడ్డ తల కింద చెయ్యి పెట్టినంత. ఎప్పుడు ఆగాలి? నీ చేతిలో బరువు పెరిగినప్పుడు. ఇంకెప్పుడు? దాని ఊపిరి ఆగినప్పుడు.

"ఆగిందో లేదో నాకెట్ల తెలుస్తది?"

"నువ్వు ఊపిరి బిగబట్టకుంటె తెలుస్తది బిడ్డా."

నాలుగో సారికి వేళ్ళు వదులయ్యాయి. గోదావరి పుండు మీద పసుపు నూనె రాసింది. యల్లమ్మ వైపు చూడకుండానే, "రేపు కాళ్ళది చెప్పు," అన్నది.

ఆ తర్వాత యల్లమ్మ రోజూ పోయింది, రోజూ చేతులు తొడల కింద పెట్టుకునే కూర్చుంది. కాళ్ళు మడవడం, ఊపడం, మూలగడం అన్నీ గోదావరి చేతికి వచ్చాయి. దీపావళి నాటికి చంద్రి మళ్ళీ మూలిగింది. ముప్పై వరకు పోయిన కూర్చోవడం పన్నెండు దగ్గర నుంచి మొదలైంది. ఎడమ మోకాలు మునుపటి కన్నా రెండు వేళ్ళు ఎత్తులో ఆగిపోయింది. అది మళ్ళీ దిగుతుందని దత్తాత్రి కూడా అనలేదు.

పోచమ్మ మాటసాయంతో నీళ్ళు పోసే ఇళ్ళు కొన్ని తిరిగి వచ్చాయి. యల్లమ్మ పోయేది, వరుస తప్పకుండా మర్దన చేసేది, చివరి గుంజు దగ్గర ఆగి లేచేది. "సగం పని చేసి లేస్తున్నవేంది?" అని ముసలమ్మలు అంటే, "నాకు ఇంతే వస్తది," అనేది. రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆమె మళ్ళీ కండెల దగ్గరికే పోయింది.

చంద్రి ఇప్పుడు ఆమెను చూసి బిగుసుకోదు. కాని ఆమె గడపలోకి రాగానే ముందు చేతుల వైపు చూస్తుంది. అవి తొడల కిందికి పోయేదాకా చూస్తుంది. ఆ తర్వాతే ముఖం వైపు తిరుగుతుంది. యల్లమ్మ రోజూ రాగానే అందుకే తొందరగా కూర్చుంటుంది.

"ఊపిరి," అంటుంది గోదావరికి. "ఊపిరి చూస్కో. మెల్లగ."